దివిసీమలో పన్నెండు రోజులు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగం పూర్తి పాఠం)



కార్యదర్శి గారు నన్ను పిలిచి, "ఈసారి సేవ అనే విషయం మీద మాట్లాడండి, కాని ఉపన్యాసం వద్దు, మీరు చూసింది చెప్పండి" అన్నారు. నేను వక్తను కాను. ఉద్యోగమంతా ఫైళ్ల మధ్య గడిచిన గుమాస్తాను. నోట్ ఫైల్ రాయమంటే రాయగలను గాని సభల్లో మాట్లాడే అలవాటు లేదు. అయినా ఒక సంగతి మీ ముందు పెట్టాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. 1977 డిసెంబరులో మా రాజమండ్రి సంఘం నుంచి, అంటే మేము ఆరాధనకు వెళ్లే లూథరన్ సంఘం నుంచి, 14 మందిమి దివిసీమకు వెళ్లాము. ఈ రోజుల్లో కుర్రవాళ్లు దీన్ని మిషన్ ట్రిప్ అంటున్నారు. మేము సేవాయాత్ర అనుకున్నాము. పేరు ఏదైనా, అక్కడ నేర్చుకున్నది మన పెన్షనర్లకు నేటికీ పనికి వస్తుందని నా నమ్మకం.

ఉప్పెన

ఇక్కడున్న పెద్దలకు 1977 నవంబరు 19 శనివారం జ్ఞాపకం ఉండే ఉంటుంది. పిల్లల కోసం రెండు మాటలు చెబుతాను. ఆ రోజు కృష్ణా, గుంటూరు జిల్లాల తీరాన్ని తుపాను తాకింది. గాలి వల్ల పోయినవారికంటె నీటి వల్ల పోయినవారు ఎక్కువ. సుమారు 6 మీటర్ల ఎత్తున సముద్రం లేచి, కొన్నిచోట్ల 10 కిలోమీటర్లు దాటి లోపలికి వచ్చింది. కృష్ణానది రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోట, ఆ పాయల మధ్యనున్న భూమి దివిసీమ. పాలకాయతిప్ప, సొర్లగొంది, హంసలదీవి, నాలి వంటి తీరగ్రామాలు ఒక్క పూటలో తుడిచిపెట్టుకు పోయాయి. అధికార లెక్కల్లోనే మృతులు 10,000 దాకా ఉన్నారు. అసలు సంఖ్య అంతకంటె చాలా ఎక్కువని ఆ ప్రాంతం వారు ఇప్పటికీ చెబుతారు.

ఆ తీరానికి ఇది మొదటిసారి కాదు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారని చరిత్ర. అయినా 113 ఏళ్ల తరువాత కూడా అక్కడి పేదవాడికి తాటాకు గుడిసె తప్ప తలదాచుకునే మేడ లేదు.

బయలుదేరే ముందు

ఆదివారం ఆరాధన అయిన తరువాత పాస్టరయ్యగారు సంఘాన్ని కూర్చోబెట్టారు. కానుక పోగుచేసి పంపుదామని కొందరు, మనుషులు కూడా వెళ్లాలని కొందరు అన్నారు. చివరకు రెండూ చేయాలని నిర్ణయమైంది. అయ్యగారు, మిషన్ ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మలు ఇద్దరు, తాపీ మేస్త్రీలు ఇద్దరు, ఒక వడ్రంగి, ఆయిలింజను మెకానిక్కు ఒకరు, రిటైరైన హెడ్మాస్టరుగారు, కాలేజీ కుర్రవాళ్లు నలుగురు, వంటకు ఒక బైబిలు స్త్రీ, పద్నాలుగో వాణ్ణి నేను. అప్పుడు నేను ఎల్.డి. గుమాస్తాను, వయస్సు 27. పద్నాలుగు రోజులు ఆర్జిత సెలవు పెట్టాను.

"నీకు తాపీ పని రాదు, మందులు ఇవ్వడం రాదు, ఏం చేస్తావయ్యా?" అని ఒకరు హాస్యమాడారు. అయ్యగారు మాత్రం, "రాయడం వచ్చు కదా, ఒక రీము ఫుల్‌స్కేపు కాగితాలు, కార్బను పేపర్లు తెచ్చుకో" అన్నారు. ఆ మాట విలువ అక్కడికి వెళ్లాక గాని తెలియలేదు.

బయలుదేరే ముందు రాత్రి ఒక వాదం జరిగింది. హెడ్మాస్టరుగారు భక్తిపరులు. సువార్త కరపత్రాలు ఒక కట్ట కట్టి ఉంచారు. "మనం క్రైస్తవులమని చెప్పుకోకుండా వెళ్లడం దాపరికం కాదా? నమ్మినది పంచకపోతే ప్రేమ ఎలా అవుతుంది?" అన్నారు. అది కొట్టిపారేయదగిన మాట కాదు. అయ్యగారు ఆయనను గౌరవిస్తూనే ఒక పాత సంగతి చెప్పారు.

సరిగ్గా నూరేళ్ల క్రితం, 1876-78లో, దక్షిణ దేశంలో మహాక్షామం. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఉండేవాడు. ప్రభుత్వం అప్పుడు బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. ఆయన అందులో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి పని, కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో వేలమంది వచ్చి మతం పుచ్చుకుంటామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. గింజల కోసం వచ్చారో, దేవుని కోసం వచ్చారో క్షామంలో తేలదు కనుక, సహాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. కరువు తగ్గి, పంచడం ముగిసిన తరువాతనే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారని మిషన్ చరిత్రల్లో ఉంది.

ఈ సంగతి చెప్పి అయ్యగారు, "ఎవరైనా అడిగితే మనం ఎవరమో చెబుదాం, దాచొద్దు. అడగకుండా చెప్పొద్దు. ఆకలిలో ఉన్నవాడు అవునన్నా ఆ అవును చెల్లదు" అన్నారు. నాకు వెంటనే ఆఫీసు సూత్రం గుర్తుకొచ్చింది. ఒత్తిడి పెట్టి తీసుకున్న సంతకం చెల్లదు కదా! హెడ్మాస్టరుగారు కొంతసేపు మౌనంగా ఉండి, కరపత్రాల కట్ట విప్పి, అదే తాడుతో బియ్యం బస్తా మూతి కట్టారు.

పల్లెలో

13వ తేదీ మంగళవారం రైలులో బెజవాడ, అక్కడి నుంచి బస్సులో పామర్రు, చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ అక్విడక్టు మీదుగా అవనిగడ్డ చేరాము. మరునాడు లారీలో కొంత, నడక కొంత. మా బియ్యం, పప్పు, కిరసనాయిలు, పక్కబట్టలు మేమే మోసుకున్నాము. బాధితుల వంటశాలలో ఒక్క మెతుకు తినరాదని నియమం పెట్టుకున్నాము.

అప్పటికి ఉప్పెన వచ్చి 25 రోజులు. శవదహనాలు దాదాపు ముగిశాయి. అయినా తుమ్మకంపల్లో అప్పుడప్పుడు ఎవరో ఒకరు కనబడుతూనే ఉండేవారు. దారి పొడుగునా బట్టల గుట్టలు చూశాము. ఎక్కడెక్కడి నుంచో మంచి మనసుతో పంపినవే. కాని చిరిగిన చొక్కాలు, ఉన్ని కోట్లు, ఇంటికి పనికిరానివి. తీరంలో చేపలు పట్టుకునేవాడు ఉన్ని కోటు ఏం చేసుకుంటాడు? అవి మంచుకు తడిసి కుళ్లుతున్నాయి. వాటి పక్కనే ఒక ఆడమనిషి నీళ్లకు ఖాళీ బిందెతో నిలబడి ఉంది.

ఆ సీమలో అప్పుడు పని చేయనివారు లేరు. ప్రభుత్వం, సైన్యం, రామకృష్ణ మిషన్, ఆర్.ఎస్.ఎస్. కార్యకర్తలు, కాసా అనే క్రైస్తవ సంస్థ, విజయవాడ నాస్తిక కేంద్రం వారు, అందరూ ఉన్నారు. దేవుడున్నాడనేవారు, లేడనేవారు పక్కపక్కనే నడుము వంచారు. స్థానిక నాయకులు మండలి వెంకట కృష్ణారావు గారు చేసిన కృషి ఆ ప్రాంతమంతటికీ తెలుసు.

మాకు చూపిన పల్లె పేరు చెప్పను. అందులోనివారు చాలామంది ఇంకా ఉన్నారు. ఉప్పెనకు ముందు 128 ఇళ్లు. మేము వెళ్లేనాటికి బతికిన కుటుంబాలు 99. అందులో ఊరిలో 61, హరిజనవాడ అని అప్పట్లో పిలిచే దళితవాడలో 38.

ముందు ఎవరి బావి?

మొదటి పని నీళ్లు. సముద్రతీరంలో ఇసుక దిబ్బల్లో తవ్విన బావుల నీరు తియ్యగా ఉంటుంది. వాననీరు ఇసుకలోకి దిగి, కింద ఉన్న ఉప్పునీటి మీద పొరలాగ తేలి ఉంటుంది. ఉప్పెన వచ్చి ఆ బావులను ఉప్పునీటితో, బురదతో, చచ్చిన పశువులతో నింపింది. వాటిని తోడి, పూడిక తీసి, ఒరలు సరిచేసి, బ్లీచింగ్ పౌడరు వేయాలి. మా దగ్గర ఉన్న ఇంజను ఒక్కటే.

ఊరి పెద్ద ఒకాయన వచ్చి, "ముందు ఊళ్లో బావి కానీయండి, తరువాత అటు వెళ్దురు గాని" అన్నారు. దళితవాడలో సగం మంది క్రైస్తవులు. మేము అటు వెళ్తే మా మతం వాళ్లకే చేశామంటారు. వెళ్లకపోతే పెద్దవాళ్లకు తలొగ్గామంటారు. అయ్యగారు ఏ మాటా అనకుండా నా వైపు తిరిగి, "లెక్క రాయి" అన్నారు.

ఆ పూటంతా తిరిగి రాశాను. ఊరికి రోజూ టాంకరు వస్తోంది, ఇంటికి రెండు బిందెలు దొరుకుతున్నాయి. వాడకు దారి గండి పడింది, టాంకరు వెళ్లదు. ఆడవాళ్లు మైలున్నర నడిచి తెచ్చుకుంటున్నారు. నర్సమ్మలు చూసిన విరేచనాల కేసులు ఊళ్లో 4, వాడలో 11. సాయంత్రం రచ్చబండ దగ్గర అందరినీ కూర్చోబెట్టి హెడ్మాస్టరుగారు ఆ కాగితం పెద్దగా చదివారు. మతం మాట గాని, కులం మాట గాని అందులో లేదు. బిందెలు, మైళ్లు, రోగులు, అంతే.

ఆ పెద్దమనిషి తల పైకెత్తకుండా, "లెక్క అదైతే అలాగే కానీయండి" అని లేచి వెళ్లిపోయారు. రెండు రోజులు మా వైపు చూడలేదు. మూడో రోజు పొద్దున్నే రెండు మోకులు, ముగ్గురు మనుషులను పంపారు. తరువాత తానే వచ్చి గట్టు మీద కూర్చున్నారు.

వాడ బావి దగ్గర మరో సంగతి జరిగింది. మా కుర్రవాళ్లు ఉత్సాహంగా ఇంజను పెట్టి గంటలకొద్దీ తోడుతున్నారు. తోడినకొద్దీ నీరు ఉప్పగానే వస్తోంది. ఒక ముసలాయన చూసి చూసి, "ఆపండి బాబూ. బావితో పోట్లాడకూడదు. గబగబా లాగితే అడుగునున్న ఉప్పు పైకొస్తది. మురికి పోయింది గదా, ఇక చేదలతో నిదానంగా తోడండి, రాత్రికి ఊరనివ్వండి" అన్నారు. ఇంజనీరింగు పుస్తకాల్లోనూ ఇదే సూత్రం ఉందని తరువాత ఒక ఇంజనీరు మిత్రుడు చెప్పాడు. ఆ రోజు నుంచి బావి పనికి ఆ తాతగారే మేస్త్రీ. అంతవరకు మోకాళ్లలో తల పెట్టుకు కూర్చున్న మనిషి, పదిమందికి పని పురమాయిస్తూ తిరగసాగారు. ఎనిమిదో రోజుకు నీరు తాగను వీలయింది. కొంచెం ఉప్పు జీర ఉంది గాని, వానలు పడితే పోతుందని ఆయనే చెప్పారు. అలాగే పోయిందట.

జాబితా

ఇక నా పని. చనిపోయినవారి కుటుంబాలకు పరిహారం అందాలంటే ఎవరు పోయారో కాగితం మీద ఉండాలి. ఆ పల్లెలో లెక్కలు, రేషను కార్డులు, ఓటర్ల జాబితా అన్నీ నీటిపాలు. చాలామంది శవాలు దొరకలేదు. దొరికినవి గుర్తుపట్టే వీలు లేక, ఎవరివో తెలియకుండానే దహనమయ్యాయి. చట్టం ప్రకారం కనబడని మనిషిని చనిపోయినట్లు భావించాలంటే ఏడేళ్లు ఆగాలి. అప్పట్లో అది 1872 నాటి సాక్ష్య చట్టంలో 108వ సెక్షను. తిండి లేని వితంతువు ఏడేళ్లు ఎలా ఆగుతుంది? అధికారులు విచారణ జరిపి తేల్చాలి. విచారణకు ఆధారం కావాలి. ఆ ఆధారం తయారుచేయడమే గుమాస్తా పని.

కూలిన తాటిమాను మీద కూర్చుని మొదలుపెట్టాను. మనుషుల వారీగా అడిగితే దుఃఖంలో మరచిపోతారు. అందుకని ఇళ్ల వారీగా అడిగాను. రామాలయం దగ్గర నుంచి ఎడమవైపు మొదటి ఇల్లు ఎవరిది? అందులో ఆ శనివారం ఎంతమంది ఉన్నారు? పక్కింటివారు ఔనంటారా? ఇల్లు లేకపోయినా పునాది గుర్తు ఉంది. పునాది కూడా లేనిచోట మిగిలిన కొబ్బరిచెట్టు గుర్తు. ప్రతి పేరుకు ఇంటిపేరు, తండ్రి లేదా భర్త పేరు, వయస్సు, ఇద్దరు సాక్షుల వేలిముద్రలు. కాపీయింగ్ పెన్సిలుతో, రెండు కార్బన్లు పెట్టి, మూడు ప్రతులు. ఒకటి కచేరీకి, ఒకటి మాకు, ఒకటి ఊరికి. ఊరి దగ్గర ఒక ప్రతి ఉండాలని నేను పట్టుబట్టాను. ఫైలు ఎక్కడైనా తప్పిపోతుందని మనందరికీ తెలిసిందే కదా!

ఒక మామ్మగారు వచ్చారు. కొడుకు, కోడలు ఇద్దరూ పోయారు. కోడలి పేరు అడిగితే చెప్పలేకపోయింది. "అమ్మాయ్ అని పిలిచేదాన్ని నాయనా. ఏడాది కాలేదు వచ్చి. దాని పేరేంటో నా కొడుక్కే తెలుసు" అని ఏడ్చింది. పుట్టిల్లు రేపల్లె వైపు అని మాత్రం తెలుసు. ఊరి పేరు పట్టుకొని కార్డు రాశాను. మేము బయలుదేరే ముందు రోజు జవాబు వచ్చింది. ఆ పేరు రాసి మామ్మగారికి చదివి వినిపిస్తే, రెండు మూడుసార్లు తనలో తాను పలికి చూసుకుంది.

మరో ఇంట 11 రోజుల పాప. బారసాల కాలేదు. పేరు లేకుండా జాబితాలో ఎలా ఎక్కించాలి? తల్లి బతికి ఉంది. ఆమె ఏమీ మాట్లాడలేదు. "పేరు పెట్టని ఆడశిశువు, వయస్సు 11 రోజులు" అని రాశాను. అయ్యగారు చూసి, ఆ వరుసకు కూడా క్రమసంఖ్య వేయమన్నారు. వేశాను. కోతలకు వచ్చిన పరాయి ఊరి కూలీలు తొమ్మిది మంది ఉన్నారు. వారి పేర్లు ఎవరికీ తెలియవు. ఆ తొమ్మిదికీ తొమ్మిది వరుసలు వదిలి, వారిని పనికి పిలిచిన రైతు వాంగ్మూలం జతచేశాను. అన్నీ కలిపి 174.

జాబితా పూర్తయ్యాక బహిరంగంగా చదివాము. 2006లో ఉపాధి హామీ పథకం వచ్చాక మన రాష్ట్రంలో సోషల్ ఆడిట్ అని గ్రామసభల్లో లెక్కలు చదవడం మొదలైంది. అప్పట్లో మాకు ఆ పేరు తెలియదు. ఊరంతా వింటుంటే తప్పు నిలవదని మాత్రం తెలుసు. చదువుతుండగా ఒక కుర్రవాడి అన్న పేరు వచ్చింది. వెనక నుంచి ఒక ముసలామె, "ఓరి నీ దుంప తెగ! వాడు విశాఖపట్నం హార్బరులో పనిచేస్తున్నాడు గదరా, నిన్న ఉత్తరం వచ్చిందన్నావు!" అంది. ఒక్క క్షణం నిశ్శబ్దం. తరువాత ఎవరో ఫక్కున నవ్వారు. అందరూ నవ్వారు. ఆ కుర్రవాడూ నవ్వాడు. ఆ పల్లెలో మేము విన్న మొదటి నవ్వు అది. అతనిది దురాశ అని నేను అనుకోలేదు. వలలు, పడవ పోయి, చేతిలో కాణీ లేక భయపడిన మనిషి. అతని వల, పడవ నష్టానికి వేరే దరఖాస్తు రాసి ఇచ్చాను.

క్రిస్మస్ రాత్రి

డిసెంబరు 24 రాత్రి మేము పండుగ చేయాలా వద్దా అని తర్జనభర్జన పడ్డాము. ఏడుస్తున్న ఊళ్లో పాటలు పాడడం బాగుండదని నర్సమ్మలు అన్నారు. వాడలోని క్రైస్తవులు మాత్రం, "పండుగ లేకపోతే మరీ దిగులుగా ఉంటుందయ్యా" అన్నారు. చివరకు రెండు లాంతర్లు పెట్టుకొని బావి దగ్గర కూర్చున్నాము. వాడవారు వచ్చారు. పిలవకపోయినా ఊరివారూ వచ్చి దూరంగా నిలబడ్డారు.

అయ్యగారు ప్రసంగం చేయలేదు. లూకా సువార్తలో క్రీస్తు జననం ఎక్కడ మొదలవుతుందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. జనసంఖ్యలో పేరు రాయించుకోవడానికి యోసేపు, నిండు చూలాలైన మరియ తమ ఊరికి వెళ్లడంతో మొదలవుతుంది. ఆ కొద్ది భాగం చదివి, నా జాబితా అడిగి తీసుకొని, 174 వరుసలూ చదివారు. హిందువు, క్రైస్తవుడు అని విడదీయలేదు. ఇళ్ల వరుసనే చదివారు. పేరు పెట్టని శిశువు అని చదివినప్పుడు చీకట్లో నుంచి ఆ తల్లి ఒక పేరు పలికింది. అందరికీ వినబడింది. అయ్యగారు ఆ పేరుతో ఆ వరుస మళ్లీ చదివారు. నేను లాంతరు దగ్గరకు జరిగి మూడు ప్రతుల్లోనూ ఆ పేరు ఎక్కించాను.

మరునాడు ఆదివారం, క్రిస్మస్. ఊరి పెద్దమనిషి ఇంటి నుంచి మాకు బెల్లం పొంగలి వచ్చింది. వారి తిండి ముట్టరాదన్న మా నియమం అయ్యగారే సడలించారు. "ఇది సహాయం కాదు, మర్యాద. మర్యాదను కాదనకూడదు" అన్నారు.

ఆ తరువాత

26న తిరిగి వచ్చాము. జాబితా కచేరీలో ఇచ్చినప్పుడు, "ప్రైవేటు వ్యక్తులు తయారుచేసినది ఎలా తీసుకుంటాం?" అన్న ప్రశ్న వచ్చింది. ప్రశ్న సబబే. విచారణకు ప్రాతిపదికగా వాడుకోండి, నిజానిజాలు మీరే తేల్చండి అని కవరింగ్ లెటరు పెట్టి, రసీదు తీసుకొని వచ్చాము. తరువాత ఊరివారు తమ ప్రతి పట్టుకొని వెంటబడ్డారు. కాలక్రమేణా చాలా కేసులు తేలాయి. కొన్ని ఏళ్ల తరబడి నడిచాయి. అన్నీ తేలాయని చెబితే అబద్ధమవుతుంది.

ఆ తీరంలో ప్రభుత్వమూ, కాసా వంటి సంస్థలూ తుపాను షెల్టర్లు కట్టాయి. హెచ్చరికలు, రేడియో, రోడ్లు మెరుగుపడ్డాయి. 1990 మే 9న ఇంచుమించు అంతటి తుపాను అదే కృష్ణా డెల్టాను తాకినప్పుడు, ముందుగా లక్షమందికి పైగా ఖాళీ చేయించారు. అధికార లెక్కల్లో మృతులు వెయ్యి లోపే. పదివేలకూ వెయ్యికీ మధ్య తేడా, ముందుగా తెలియడం, వెళ్లడానికి గట్టి కప్పు ఉండడం.

1996 నవంబరు 6న మా తూర్పుగోదావరి వంతు వచ్చింది. కోనసీమ కొబ్బరి నేలకూలింది. వేటకు వెళ్లిన బెస్తలు ఎందరో తిరిగి రాలేదు. అప్పుడు ఒకనాటి సాయంత్రం మా సంఘం గుడి ముందు ఆరుగురు మనుషులు దిగారు. చేతుల్లో చేదలు, మోకులు, రెండు బస్తాల బియ్యం. ఆ పల్లెవారు! బావి తాతగారు అప్పటికి కాలం చేశారట. ముందు నడిచి వచ్చినవాడు, అన్న పేరు జాబితాలో రాయించిన కుర్రవాడే. నడివయసు మనిషయ్యాడు. జేబులో నుంచి మడతలు చిరిగిన కార్బను ప్రతి తీసి, "ఇది నమూనాకు తెచ్చామండి. సముద్రంలో పోయినవాళ్ల పేర్లు ఇలాగే ఇళ్ల వారీగా రాయాలి. చదివేటప్పుడు మాత్రం ఊరంతా ఉండాలి, నాలాంటోళ్లు ఉంటారు" అని నవ్వాడు. వారు పదిరోజులు మాతో ఉన్నారు. మా ఇళ్లలో తినలేదు. బియ్యం తెచ్చుకున్నారు కదా!

మన సంగతి

మిత్రులారా! ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే రోజున డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పింఛను యజమాని దయతో పడేసే భిక్ష కాదు, చేసిన పనికి దక్కే హక్కు అని చాటిన తీర్పు అది. మనం దాన్ని పండుగగా చేసుకుంటున్నాము. భిక్షగా ఇస్తే తీసుకునేవాడి తల వంగుతుందని పెన్షనర్లకంటె ఎవరికి బాగా తెలుసు? అందుచేత మనం ఎవరికైనా సహాయం చేయబోయినప్పుడు కూడా ఆ తీర్పునే గుర్తుంచుకోవాలని నా మనవి. ఏం కావాలో వారినే అడగాలి. లెక్క అందరి ముందూ చదవాలి. ఏ మతం వారైనా, తమ మతాన్ని ఆ సహాయానికి ధరగా పెట్టరాదు. ఇచ్చినదానికి ఒక ప్రతి వారి చేతిలోనే ఉండాలి.

వయస్సు మీద పడింది, మనం ఎక్కడికి వెళ్లగలం అంటారేమో. బావులు తోడలేము, నిజమే. కాని దరఖాస్తు రాయడం, రికార్డు వెతకడం, ఏ కాగితం ఏ గదికి వెళ్లాలో చెప్పడం మనకు వచ్చినంతగా ఎవరికి వచ్చు? ఆపద వచ్చిన చోట డాక్టరుతో పాటు ఒక గుమాస్తా కూడా కావాలి.

మూడు సూచనలు చేసి ముగిస్తాను. ఒకటి, మన సంఘం తరఫున అయిదుగురితో ఒక రాతకోతల బృందం ఏర్పాటు చేయాలి. జిల్లాలో తుపాను గాని, వరద గాని, అగ్నిప్రమాదం గాని వస్తే, కాగితాలు పోయినవారి దగ్గరకు వెళ్లి దరఖాస్తులు రాసిపెట్టాలి. ఇప్పుడు మరణాలను 21 రోజుల్లో నమోదు చేయించాలన్న నియమం ఉంది. ఆలస్యమైతే తిరుగుడు పెరుగుతుంది. ఆ సంగతి దుఃఖంలో ఉన్నవారికి చెప్పేవారు ఉండాలి. రెండు, మంచం పట్టిన మన తోటి పెన్షనర్ల ఇళ్లకు వెళ్లి, ఏటేటా ఇవ్వవలసిన జీవన ధ్రువపత్రం అందేలా చూడాలి. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక ఇంటి దగ్గరే వేలిముద్ర తీసుకొనే వీలు కలిగింది. మన మనవలు ఆ పరికరం వాడడం ఇట్టే చేస్తారు, వారిని వెంట తీసుకెళ్లండి. మూడు, ఈ రాత్రి ఇంటికి వెళ్లి మీ పి.పి.ఓ. నంబరు, బ్యాంకు ఖాతా, కుటుంబ పెన్షనుకు అర్హులైన వారి పేర్లు, పుట్టిన తేదీలు ఒక కాగితం మీద రాసి, ఇంట్లో ఇద్దరికి చూపించండి. ఇంటావిడ పేరు రికార్డులో ఎలా ఉందో, ఆధార్‌లో ఎలా ఉందో సరిచూసుకోండి. పేరు ఒక్క అక్షరం తేడా ఉంటే ఎంత తిప్పలో మనం కుర్చీకి ఈవలి వైపున చూశాము. ఆవలి వైపున మనవాళ్లు పడకూడదు.

బృందంలో మొదటి పేరుగా నాది రాసుకోమని కార్యదర్శి గారిని కోరుతున్నాను. మిగిలిన నలుగురు సభ ముగియగానే బల్ల దగ్గరకు వస్తే, కాగితం, పెన్ను సిద్ధంగా ఉన్నాయి.